65 ఎపిసోడ్ల గుట్టు: ‘మెర్లిన్’ ప్రేక్షకులు రెండుగా ఎందుకు చీలారు?

బీబీసీ వన్‌లో 2008 సెప్టెంబరు 20న మొదలై 2012 డిసెంబరు 24న ముగిసిన, బ్రిటన్ పురాణగాథల్లోని ఆర్థర్ రాజు, మాంత్రికుడు మెర్లిన్‌ల కథ చెప్పిన ‘మెర్లిన్’ సిరీస్‌పై అభిప్రాయాలు ఇప్పటికీ ఒక దారికి రాలేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ ఫాంటసీ అంటే ఇదేనని కొందరంటారు. అయిదు సీజన్లు ఊరించి ఊరించి చివరికి ఉసూరుమనిపించారని ఇంకొందరంటారు. విచిత్రంగా ఈ రెండు మాటలూ చాలాసార్లు ఒకే మనిషి నోట వినిపిస్తాయి. సిరీస్‌ను మళ్లీ మళ్లీ చూసే వీరాభిమానులే ఆఖరి ఎపిసోడ్ పేరెత్తితే మండిపడతారు. కొత్తగా చూడాలనుకునేవారికి ఇది తికమక పెట్టే వ్యవహారమే.

క్లుప్తంగా చెప్పాలంటే, ‘మెర్లిన్’కు దక్కే మెప్పుకూ వచ్చే ఫిర్యాదులకూ మూలం ఒక్కటే. మెర్లిన్‌కు మంత్రశక్తి ఉందన్న సంగతి ఆర్థర్‌కు తెలియకూడదన్న షరతు మీద కథంతా నిలబడింది. నవ్వులు, ఆప్యాయత, ఉత్కంఠ ఆ షరతు నుంచే పుట్టాయి. పాత్రలు ముందుకు కదలకుండా కాళ్లకు అడ్డం పడిందీ అదే. శనివారం సాయంత్రం కుటుంబ ప్రేక్షకుల కోసం తీసిన సిరీస్ కావడంతో ఆ షరతును మధ్యలో వదిలేయడం తేలిక కాలేదు. ఈలోగా చూసే పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కొలతలు మారాయి.

కుర్రవాడైన మాంత్రికుడు

ఆర్థర్ గాథల్లో మెర్లిన్ అనగానే గుర్తొచ్చేది నెరిసిన గడ్డం, చేతికర్ర, రాజుకు దారి చూపే వృద్ధుడు. ఈ సిరీస్ ఆ చిత్రాన్ని పక్కన పెట్టింది. ఇక్కడ మెర్లిన్, ఆర్థర్ దాదాపు ఒకే ఈడు కుర్రాళ్లు. ఒకడు పల్లెటూరి నుంచి మూట భుజాన వేసుకుని వచ్చినవాడు, ఇంకొకడు పొగరుబోతు యువరాజు. ఆర్థర్ తండ్రి ఊథర్ రాజ్యంలో మంత్రవిద్యను నిషేధించాడు, పట్టుబడితే మరణశిక్షే. మెర్లిన్ కామెలాట్ కోటలో అడుగుపెట్టిన నిమిషంలోనే అతని కళ్లెదుట ఒక మాంత్రికుడి తల తెగిపడుతుంది. ఆ ఎపిసోడ్ చివర్లో ఆర్థర్ మీదికి విసిరిన బాకు నుంచి మెర్లిన్ అతన్ని పక్కకు లాగి కాపాడతాడు. అందుకు రాజు ఇచ్చే బహుమానం, యువరాజు దగ్గర నౌకరు కొలువు.

ఈ ఒక్క మలుపుతో 65 ఎపిసోడ్లకు సరిపడా సరుకు సిద్ధమైంది. దేశంలోకెల్లా శక్తిమంతుడైన మాంత్రికుడు యువరాజు బూట్లు తుడుస్తుంటాడు, కవచం తొడుగుతుంటాడు, తిట్లు తింటుంటాడు. ఆ యువరాజు ప్రాణాలు నిలబడుతున్నది ఈ నౌకరు వల్లేనన్న సంగతి చూసేవాళ్లకు తెలుసు, యువరాజుకు తెలియదు. మెర్లిన్‌గా కాలిన్ మోర్గన్, ఆర్థర్‌గా బ్రాడ్లీ జేమ్స్ మధ్య పండిన జోడీ గురించి మాత్రం రెండు వర్గాల్లోనూ పెద్దగా పేచీ లేదు. ఊథర్‌గా ఆంథొనీ హెడ్, వృద్ధ వైద్యుడు గైయస్‌గా రిచర్డ్ విల్సన్, కోట కింద గుహలో బందీగా ఉన్న మహాసర్పం డ్రాగన్‌కు గొంతు ఇచ్చిన జాన్ హర్ట్ కథకు పెద్దరికం తెచ్చారు. కామెలాట్‌గా కనిపించేది ఉత్తర ఫ్రాన్స్‌లోని పియర్‌ఫాన్ కోట. 19వ శతాబ్దంలో మూడో నెపోలియన్ కోసం వియోలె-లె-ద్యూక్ అనే వాస్తుశిల్పి దాన్ని మధ్యయుగపు కోట ఎలా ఉండాలో అలా ఊహించి పునరుద్ధరించాడు. అసలు చరిత్ర కంటే చరిత్ర గురించిన ఊహే అందంగా ఉండే ఈ కోట, ఇలాంటి సిరీస్‌కు అతికినట్టు సరిపోయింది.

శనివారం సాయంత్రం గీసిన గీత

బ్రిటన్‌లో రాత్రి 9 గంటలకు ముందు ప్రసారమయ్యే కార్యక్రమాలు పిల్లలు చూడదగ్గవిగా ఉండాలన్న నిబంధన ఉంది. శనివారం సాయంత్రం బీబీసీ వన్‌లో వచ్చే నాటకాలకు ఇది లక్ష్మణరేఖ. 2005లో ‘డాక్టర్ హూ’ను తిరిగి మొదలుపెట్టాక, పిల్లలు, తల్లిదండ్రులు, తాత బామ్మలు ఒకే సోఫాలో కూర్చుని చూసే నాటకానికి ఇంకా గిరాకీ ఉందని తేలింది. ఆ సందులోనే 2006లో ‘రాబిన్ హుడ్’, 2008లో ‘మెర్లిన్’ వచ్చాయి. షైన్ సంస్థ నిర్మించిన ఈ సిరీస్ అయిదేళ్లూ సీజన్‌కు 13 ఎపిసోడ్ల లెక్క తప్పలేదు.

ఈ చట్రం కథను రెండు రకాలుగా మలిచింది. మొదటిది, ప్రతి ఎపిసోడూ దానంతట అది ముగియాలి. ఒక వారం తప్పిపోయిన పిల్లవాడు మరుసటి వారం వచ్చి కూర్చున్నా కథ అర్థం కావాలి. అందుకే తొలి సీజన్లలో ఒక మూస కనిపిస్తుంది. కోటలోకి కొత్త మనిషి వస్తాడు, ఆ మనిషి మాయగాడని మెర్లిన్ ఒక్కడే పసిగడతాడు, చెబితే ఎవరూ నమ్మరు, చివరి నిమిషంలో మెర్లిన్ కళ్లు బంగారు రంగులో మెరుస్తాయి, ఆపద తప్పుతుంది, ఘనత ఇంకెవరి ఖాతాలోనో పడుతుంది. రెండోది, పాత గాథల్లోని కొన్ని విషయాలు ఆ వేళలో చూపించడానికి పనికిరావు. దీని ఫలితం ఎంత దూరం పోయిందో కింద చూడవచ్చు.

అమెరికాలో ‘స్మాల్‌విల్’ వేసిన బాట కూడా నిర్మాతల ముందు ఉంది. సూపర్‌మ్యాన్ కాకముందు క్లార్క్ కెంట్ ఎలా ఉండేవాడో చెప్పిన ఆ సిరీస్ 2001 నుంచి 2011 దాకా 10 సీజన్లు నడిచింది. అందరికీ తెలిసిన మహావీరుడి తెలియని యవ్వనాన్ని చెప్పడమనే సూత్రం రెండింటిదీ ఒకటే. తేడా ఒకచోట ఉంది. ‘స్మాల్‌విల్’లో నాయకుడి రహస్యం దగ్గరివాళ్లకు ఒక్కొక్కరికీ తెలుస్తూ వచ్చింది, తెలిసినప్పుడల్లా కథకు కొత్త ఊపిరి అందింది. ‘మెర్లిన్’లో గుట్టు తెలిసినవాళ్లను బతకనివ్వడమే అరుదు. చిన్ననాటి స్నేహితుడు విల్ ఆ గుట్టును తన మీద వేసుకుని చనిపోతాడు. ప్రేమించిన ఫ్రెయా, కన్నతండ్రి బలీనార్ రెండో సీజన్ దాటరు. మొదటి సీజన్‌లోనే సంగతి గ్రహించి నోరు విప్పని వీరుడు లాన్సెలాట్ నాలుగో సీజన్ ఆరంభంలో ప్రాణత్యాగం చేస్తాడు. శత్రువుల్లో ఆర్థర్ మేనమామ అగ్రవేన్, ఊథర్ కోటలో పెరిగిన మోర్గానాలకు తెలిసింది, వాళ్లూ మెర్లిన్ చేతిలోనే పోయారు. గైయస్, మెర్లిన్ తల్లి హ్యూనిత్ లాంటివాళ్లు ఈ లెక్కకు మినహాయింపు. రహస్యం పంచుకునే మనిషి కథలో మిగిలితే మూస చెదురుతుంది కాబట్టి రచయితలు ఆ మనిషినే తప్పించారని ఈ వరస చూస్తే అనిపించక మానదు.

గుట్టు మళ్లీ మొదటికి

ప్రేక్షకుల అసంతృప్తికి అసలు కేంద్రం ఇదే. గుట్టు దాచడం ఒక్కటే అయితే ఇంత కోపం వచ్చేది కాదు. బయటపడే సందర్భాన్ని కళ్ల ముందుకు తెచ్చి, ఆశపెట్టి, మళ్లీ మూతపెట్టడం పదేపదే జరిగింది. మూడు సందర్భాలను దగ్గరగా చూస్తే ఆ పద్ధతి తెలుస్తుంది.

రెండో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌లో మోర్గాజ్ అనే మాంత్రికురాలు ఆర్థర్‌కు చనిపోయిన తల్లి ఆత్మను చూపిస్తుంది. బిడ్డ కోసం మంత్రాన్ని ఆశ్రయించింది ఊథరేనని, దానికి మూల్యంగా తన ప్రాణం పోయిందని ఆమె చెబుతుంది. తన పుట్టుకకే మంత్రం కారణమని, తండ్రి చేసిన మారణహోమమంతా అపరాధభావాన్ని కప్పిపుచ్చుకోవడానికేనని ఆర్థర్‌కు అర్థమవుతుంది. కత్తి తండ్రి గొంతు దాకా వెళుతుంది. అప్పుడు మెర్లిన్ పరుగున వచ్చి, అదంతా మోర్గాజ్ కల్పించిన మాయ అని అబద్ధం చెబుతాడు. ఆర్థర్‌ను పితృహత్య నుంచి తప్పించడానికి చెప్పిన మాట అది. దాని ఫలం మాత్రం, మంత్రం అంటేనే మోసమన్న ఆర్థర్ నమ్మకం గట్టిపడడం.

నాలుగో సీజన్ మూడో ఎపిసోడ్‌లో ఊథర్ మరణశయ్య మీద ఉంటాడు. గత్యంతరం లేక ఆర్థర్ ఒక ముసలి మాంత్రికుడిని ఆశ్రయిస్తాడు. ఆ ముసలివాడు వేషం మార్చిన మెర్లినే. తండ్రి బతికితే మంత్రవిద్య మీద నిర్బంధం సడలిస్తానని ఆర్థర్ మాటిస్తాడు. కానీ మోర్గానా ముందే ఊథర్ మెడలో వేయించిన తాయెత్తు చికిత్సను తిరగేస్తుంది, రాజు చనిపోతాడు. మంత్రం చెడ్డదన్న మాట ఇప్పుడు ఆర్థర్‌కు తండ్రి చెప్పిన సిద్ధాంతం కాదు, సొంత అనుభవం.

మూడోది అయిదో సీజన్ అయిదో ఎపిసోడ్. ఆర్థర్ కొలువులోని యువ వీరుడు మోర్డ్రెడ్ ప్రాణం నిలవాలంటే పాత దేవతల మార్గాన్ని, అంటే మంత్రాన్ని, రాజ్యంలోకి అనుమతించాలన్నది షరతు. నిప్పు దగ్గర కూర్చున్న ఆర్థర్ ఏం చేయమంటావని మెర్లిన్‌నే అడుగుతాడు. నాలుగు సీజన్లుగా ఎదురుచూసిన ప్రశ్న అది. మోర్డ్రెడ్ బతికితే ఆర్థర్ చస్తాడన్న జోస్యం తెలిసిన మెర్లిన్ కళ్లలో నీళ్లు నింపుకుని, కామెలాట్‌లో మంత్రానికి చోటు లేదంటాడు. తిరిగి వచ్చేసరికి మోర్డ్రెడ్ నిక్షేపంలా ఎదురవుతాడు. ఆర్థర్ కాదనడమే వాడిని బతికించింది.

నాటకంగా చూస్తే ఈ మూడో సందర్భం సిరీస్ మొత్తంలో బలమైన ఘట్టాల్లో ఒకటి. మెర్లిన్ పతనానికి అతని జాగ్రత్తే కారణమన్న విషాదం ఇక్కడ సంపూర్ణంగా ఉంది. దీన్ని గ్రీకు విషాదాంతంలా చదివే ప్రేక్షకులకు సిరీస్‌పై ఫిర్యాదు లేదు. ఫిర్యాదు చేసేవారి వాదన వేరు. పూర్వపు ఎపిసోడ్లలో ఇలాంటి అవకాశాలు తేలిగ్గా జారిపోయి, మర్నాడు ఏమీ జరగనట్టు నవ్వులతో మొదలయ్యాయి కాబట్టి, ఈ ఒక్క ఘట్టాన్ని విషాదంగా తీసుకోమంటే మనసు ఒప్పదని వాళ్లంటారు. రెండు వాదనలూ తోసిపుచ్చదగ్గవి కావు. అయితే రెండో వాదన సిరీస్ నిర్మాణాన్ని మరింత సరిగ్గా పట్టుకుంది.

వారానికొకటి, ఒకే ఊపులో

చూసే పద్ధతి మారడం కూడా అభిప్రాయాలను మార్చింది. మొదటిసారి ప్రసారమైనప్పుడు ఇది వారానికి ఒక ఎపిసోడ్, శరదృతువులో మొదలై క్రిస్మస్ దాకా, ఆపైన తొమ్మిది నెలల విరామం. అలా చూసేవారికి పునరుక్తి ఓ ఆటవిడుపు. ఆర్థర్ తలకు దెబ్బ తగిలి సరిగ్గా సమయానికి స్పృహ తప్పడం, దొంగల నెత్తిన కొమ్మ విరిగి పడడం, మెర్లిన్ ఎక్కడని అడిగితే తాగుడు కొట్టుకు వెళ్లాడని గైయస్ తడుముకోకుండా చెప్పడం లాంటివి ఎదురుచూసే చమత్కారాలు. ఇప్పుడు సీజన్‌ను రెండు మూడు రోజుల్లో ఊదేసేవారికి అదే కొమ్మ గంటకోసారి విరిగిపడుతుంది. ఆర్థర్ అమాయకుడిగా కాక మందబుద్ధిగా కనిపించడం మొదలవుతుంది.

ఒకే ఊపులో చూడడం వల్ల మేలు కూడా ఉంది. వారాల తేడాతో చూసినప్పుడు జారిపోయే సంకేతాలు దగ్గరదగ్గరగా చూస్తే కనబడతాయి. మెర్లిన్ ముఖంలో అల్లరి తగ్గి అలసట పెరగడం, శత్రువులను చంపడానికి అతను మొదట్లో పడిన సంకోచం పోవడం వంటివి కాలిన్ మోర్గన్ చాలా నెమ్మదిగా పట్టుకొచ్చాడు. కొత్త ప్రేక్షకుల్లో మెర్లిన్‌ను పూర్తిగా మంచివాడిగా చూడని వర్గం పెరగడానికి ఇది ఒక కారణం.

మధ్యలో బయటి ప్రపంచం కూడా మారింది. 2011 ఏప్రిల్‌లో హెచ్‌బీఓ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మొదలుపెట్టింది. ప్రధాన పాత్రలు ఎప్పుడైనా చావచ్చు, చేసిన పనికి ఫలితం అనుభవించక తప్పదు అన్న కొలత ఫాంటసీకి వచ్చిపడింది. అదే ఏడాది శరదృతువులో వచ్చిన ‘మెర్లిన్’ నాలుగో సీజన్ కూడా రంగు ముదిరింది. ఊథర్ చనిపోయాడు, లాన్సెలాట్ పోయాడు, ఆర్థర్ రాజయ్యాడు. కథ పెద్దవాళ్లదైంది, గుట్టు నడిపే పద్ధతి మాత్రం పిల్లలదిగానే మిగిలింది. తొలి సీజన్ చూసినప్పుడు పదేళ్లున్న పిల్లలకు ఆఖరి సీజన్ నాటికి 14 ఏళ్లు వచ్చాయి. వాళ్ల అసహనాన్ని అర్థం చేసుకోవడానికి ఈ లెక్క చాలు.

మోర్గానా, గ్వెన్‌ల మీద వాదాలు

పాత్రల వారీగా చూస్తే ఎక్కువ వాదనకు గురైనది కేటీ మెగ్రా పోషించిన మోర్గానా. మొదటి రెండు సీజన్లలో ఆమె ఊథర్‌ను ఎదిరించి నిలబడే న్యాయశీలి. తనకూ మంత్రశక్తి ఉందని తెలిసి భయంతో వణికే యువతి. ఆ భయం ఏమిటో ఆ కోటలో అందరికంటే బాగా తెలిసిన మెర్లిన్ ఆమెకు నిజం చెప్పడు. రెండో సీజన్ చివర్లో రాజ్యాన్ని కాపాడేందుకు ఆమెకు విషం ఇస్తాడు. ఆ ఒక్క ఘట్టంతో మోర్గానా శత్రువు కావడానికి బలమైన కారణం దొరికింది. కానీ మూడో సీజన్ ఏడాది తర్వాత మొదలవుతుంది. మార్పు ఎలా జరిగిందో తెర మీద లేదు. మోర్గానా పెదవి చివర వంకర నవ్వుతో తిరిగి వచ్చేస్తుంది. ఆ నవ్వు మీద అభిమానుల్లో పుట్టిన ఛలోక్తులకు లెక్కలేదు. ఒక మనిషి మంచి నుంచి చెడుకు జారే దారే కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగమైతే, దాన్నే విరామంలోకి నెట్టేశారన్నది ఇక్కడి ఫిర్యాదు. ఇది నిలిచే ఫిర్యాదే. మోర్గానాతో మెర్లిన్ నిజం పంచుకుంటే గుట్టు షరతు రెండో సీజన్‌లోనే సడలిపోయేది. అది ఇష్టం లేనప్పుడు మిగిలిన దారి ఇదొక్కటే.

ఆర్థర్ పెళ్లాడే గ్వెన్ విషయంలో తగవు రెండు రకాలు. ఏంజెల్ కూల్బీని ఆ పాత్రకు తీసుకున్నప్పుడు, మధ్యయుగపు రాణిగా నల్లజాతి మూలాలున్న నటి ఎలా నప్పుతుందన్న అభ్యంతరాలు కొన్ని వచ్చాయి. డ్రాగన్లు మాట్లాడే రాజ్యంలో చారిత్రక వాస్తవికత ఆ ఒక్కచోటే గుర్తుకు రావడం ఏమిటన్నది దానికి అప్పుడే వచ్చిన జవాబు. రెండోది రచనకు సంబంధించినది, దానికి బరువు ఎక్కువ. పాత గాథల్లో గ్వెన్, అంటే గ్వినివీర్, రాజు కూతురు. ఇక్కడ కమ్మరి బిడ్డ, మోర్గానా దగ్గర పనిమనిషి. ఆమె తండ్రిని ఊథర్ అన్యాయంగా చంపించాడు. ఇంత ముడిసరుకు ఉన్నా పెళ్లయ్యాక రాణిగా ఆమెకు దొరికిన సొంత కథ తక్కువ.

లాన్సెలాట్‌తో ఆమె సంబంధాన్ని సిరీస్ ఎలా దాటించిందో చూస్తే శనివారం సాయంత్రపు గీత కనిపిస్తుంది. పాత గాథల్లో కామెలాట్ కూలడానికి వాళ్లిద్దరి ప్రేమే ముఖ్య కారణం. సిరీస్‌లో మోర్గానా చనిపోయిన లాన్సెలాట్‌ను మంత్రంతో లేపి పంపుతుంది, గ్వెన్ చేతికి మాయ కంకణం తొడిగిస్తుంది. పెళ్లి ముందు రాత్రి జరిగిన ముద్దుకు గ్వెన్ బాధ్యురాలు కాకుండా పోయింది. పిల్లలతో కలిసి చూసే తల్లిదండ్రులకు ఇది ఊరట. గ్వెన్‌ను తన కోరికలు, తన తప్పులు ఉన్న మనిషిగా చూడాలనుకున్నవారికి నష్టం.

మోర్డ్రెడ్‌దీ అదే దారి. 15వ శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత మాలరీ కథలో అతను ఆర్థర్‌కు సోదరి వరసైన మోర్గాజ్ వల్ల పుట్టిన కొడుకు. ఇక్కడ మంత్రవిద్యను నమ్మే డ్రూయిడ్ తెగకు చెందిన అనాథ బాలుడు. అయితే ఈ మార్పు చాలామందికి నచ్చింది. ప్రేమించిన అమ్మాయిని ఆర్థర్ ఉరితీయించాక అతను మోర్గానా వైపు వెళ్లిపోవడం, ఆ కోపంలోనే మెర్లిన్ గుట్టు విప్పేయడం నమ్మదగ్గ మలుపులు.

పురాణాన్ని మార్చేశారా?

ఆర్థర్ గాథలను పాడుచేశారన్నది తరచుగా వినిపించే ఆరోపణ. దీనికి పునాది బలహీనం, ఎందుకంటే మార్చకుండా ఉంచాల్సిన ఒకే ఒక మూలం లేదు. 1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ లాటిన్‌లో రాసిన బ్రిటన్ రాజుల చరిత్రలో మెర్లిన్ ఉన్నాడు, ఆర్థర్ ఉన్నాడు, ఇద్దరూ ఒక్కసారి కూడా ఎదురుపడరు. ఆర్థర్ పుట్టుకకు దారి వేసి మెర్లిన్ కథలోంచి తప్పుకుంటాడు. లాన్సెలాట్‌కూ రాణికీ మధ్య ప్రేమను 12వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌కు చెందిన క్రెతియెన్ ద త్రోయ్ తెచ్చిపెట్టాడు. కామెలాట్ పేరు కూడా అతని కావ్యంలోనే మొదట కనిపిస్తుంది. 1485లో కాక్స్టన్ అనే ముద్రాపకుడు అచ్చువేసిన థామస్ మాలరీ గ్రంథం ఈ పాయలన్నీ కలిపింది. అందులోనూ మెర్లిన్ కథ ఆరంభంలోనే ఒక యువతి చేతిలో చిక్కి బందీ అయిపోతాడు. ‘మెర్లిన్ ఆర్థర్‌కు జీవితాంతం తోడు’ అన్న భావనే కొత్తది.

తెలుగు ప్రేక్షకులకు ఈ రకం మార్పు పరాయిది కాదు. 1957 నాటి ‘మాయాబజార్’కు ప్రాణమైన శశిరేఖ వ్యాసభారతంలో లేదు. అది ఆ సినిమాకు లోటు కాలేదు. మూలంలో ఉందా లేదా అన్నదాని కంటే, మార్చినచోట కథ నిలబడిందా లేదా అన్నదే ఎక్కడైనా ప్రేక్షకుల అసలు పరీక్ష. ఆ లెక్కన ‘మెర్లిన్’ ఎదుర్కొన్న ఇబ్బంది మరోలాంటిది. మధ్యలో ఎంత మార్చినా, గాథ చివర మాత్రం అది మార్చలేదు. మోర్డ్రెడ్ చేతిలో కామ్లాన్ యుద్ధంలో ఆర్థర్ పడిపోవాల్సిందే. యవ్వనం గురించిన ఉల్లాసమైన కథ, అందరికీ తెలిసిన మరణం దగ్గర ఆగాలి. మధ్యలో ఉండాల్సిన స్వర్ణయుగం ఎప్పుడు?

ఆఖరి ఎపిసోడ్

ఆ ప్రశ్నకు జవాబు దొరకకపోవడమే ముగింపు మీద కోపానికి మూలం. మెర్లిన్, ఆర్థర్ కలిసి మంత్రానికి స్వేచ్ఛ ఇచ్చే ఆల్బియన్‌ను (బ్రిటన్‌కు పాత పేరు) నిర్మిస్తారని డ్రాగన్ మొదటి సీజన్ నుంచి చెబుతూ వచ్చింది. మంత్రం మీద నిషేధం తొలగిన కామెలాట్‌ను సిరీస్ ఒక్క నిమిషం కూడా చూపలేదు. రాణి అయిన గ్వెన్ నిషేధం ఎత్తేసిందో లేదో చెప్పలేదు. ‘నువ్వు కలగన్నదంతా నెరవేరింది’ అన్న అర్థంలో డ్రాగన్ చివర్లో ఓదార్పు చెప్పినప్పుడు, ‘ఎక్కడ నెరవేరింది?’ అని ప్రేక్షకులు అడగడంలో తప్పులేదు.

గుట్టు బయటపడింది 65వ ఎపిసోడ్‌లో. డ్రాగన్ ఊపిరిలో కాల్చిన కత్తి ముక్క ఆర్థర్ గుండె వైపు కదులుతోంది. బతికే వ్యవధి ఒకటి రెండు రోజులు. అడవిలో మెర్లిన్ ఏడుస్తూ తాను మాంత్రికుడినని చెప్పి, మంట మీద చేయి ఆడించి నిప్పురవ్వలతో చిన్న డ్రాగన్‌ను సృష్టిస్తాడు. ఆర్థర్ మొదట తన దగ్గర్నుంచి పొమ్మంటాడు. తర్వాత కోపం దిగి, ఇన్నేళ్లూ ఘనత ఎందుకు కోరుకోలేదని అడుగుతాడు. మెర్లిన్ ఒళ్లో ప్రాణం వదిలే ముందు, అంతవరకు ఎన్నడూ అనని మాటగా కృతజ్ఞత చెబుతాడు. ఈ సన్నివేశాల నటన మీద, భావోద్వేగం మీద దాదాపు విమర్శే లేదు. కోపమంతా వాటి నిడివి మీదే. నిజం తెలిశాక ఆ ఇద్దరి స్నేహం ఎలా ఉంటుందో చూడాలని అయిదేళ్లు ఆగితే, దక్కింది ముక్కాలు గంటలో ఒక భాగం.

ప్రకటన వెలువడిన సమయం కూడా కలిసిరాలేదు. ఇదే చివరి సీజన్ అని ప్రేక్షకులకు తెలిసింది ఆ సీజన్ నడుస్తుండగా, 2012 నవంబరులో. ఇంకా కొన్నేళ్లు నడుస్తుందనుకున్నవారికి నెల రోజుల్లో ఆర్థర్ మరణం ఎదురైంది, అదీ క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం. పండుగ పూట పిల్లలను ఏడిపించారన్న విసుగు కొన్ని ఇళ్లలో నిజమే అయి ఉంటుంది. చివరి దృశ్యంలో నేటి కాలపు రోడ్డు, దూసుకుపోయే లారీ, దూరంగా ఆర్థర్ గాథలతో ముడిపడిన గ్లాస్టన్‌బరీ గుట్ట, తలవంచుకు నడిచే ముసలి మెర్లిన్ కనిపిస్తారు. ఆర్థర్ తిరిగి వస్తాడన్న పాత నమ్మకానికి అది నివాళి అని కొందరంటారు. వెయ్యేళ్లకు పైగా ఒంటరిగా ఎదురుచూడడం శిక్ష కాక మరేమిటని ఇంకొందరు. అభిమానులు సొంతంగా రాసుకున్న కథల్లో అత్యధికం ఈ రెండు ఖాళీలనే పూరిస్తాయి. ఆర్థర్‌కు నిజం ముందే తెలిసి ఉంటే? ఆర్థర్ ఇప్పుడు తిరిగొస్తే? ఇద్దరి మధ్యా ఉన్నది స్నేహం కంటే ఎక్కువేనని చదివే వర్గం పెద్దది. పుట్టుకతో వచ్చిన గుణాన్ని ప్రాణభయంతో దాచుకోవాల్సి రావడాన్ని స్వలింగ ప్రేమికుల జీవితానికి పోలికగా చూసినవారికి, ఆ గుట్టు చావు ముందు తప్ప బయటికి రాకపోవడం మరింత చేదుగా తోచింది.

ఇతర ఆర్థర్ సిరీస్‌లతో పోల్చితే

ఇన్ని లోపాలు చెప్పుకున్నా, ఈ శతాబ్దంలో ఇంగ్లిష్‌లో వచ్చిన ఆర్థర్ సిరీస్‌లలో అయిదేళ్లు నిలిచిన ఉదాహరణ దొరకడం కష్టం. పెద్దల కోసం తీసిన ‘కామెలాట్’ 2011లో 10 ఎపిసోడ్లతో ఆగింది. నెట్‌ఫ్లిక్స్ 2020లో తెచ్చిన ‘కర్స్‌డ్’ కూడా 10 ఎపిసోడ్లే. హింస, శృంగారం జోడిస్తే గాథకు బలం వస్తుందన్న అంచనా ఈ రెండు చోట్లా ఫలించలేదు. మెర్లిన్, ఆర్థర్‌ల మధ్య ఉన్నంత సులువుగా పట్టుబడే బంధం వాటిలో లేకపోవడం ఒక కారణం కావచ్చు.

దగ్గరి పోలిక ఫ్రాన్స్‌లో ఉంది. అలెగ్జాండ్ర్ అస్తియే సృష్టించిన ‘కామెలోట్’ (Kaamelott) 2005 నుంచి 2009 దాకా ఎం6 ఛానల్‌లో వచ్చింది. మూడున్నర నిమిషాల హాస్య శకలాలుగా మొదలైంది. చేతకాని వీరులు, విసిగిపోయిన రాజు, భోజనాల బల్ల దగ్గర వాదనలు దాని సరుకు. అయిదో భాగానికి వచ్చేసరికి ఎపిసోడ్లు పొడవయ్యాయి, రాజు కుంగుబాటు కథకు కేంద్రమైంది. నవ్వుల కోసం వచ్చినవారు ఇబ్బంది పడ్డారు, కొత్త లోతును మెచ్చినవారూ ఉన్నారు. అక్కడ రూపం, స్వరం రెండూ కలిసి మారాయి. ‘మెర్లిన్’లో స్వరం మారింది, రూపం మారలేదు. అందుకే ఒకదానిపై వాదన ‘ఎందుకు మార్చారు’ అని, ఇంకోదానిపై ‘ఎందుకు మార్చలేదు’ అని.

‘మెర్లిన్’ సృష్టికర్తల్లో ఇద్దరు, జానీ క్యాప్స్, జూలియన్ మర్ఫీ, 2013లో అదే శనివారం వేళకు గ్రీకు పురాణాల మీద ‘అట్లాంటిస్’ తెచ్చారు. అందులోనూ నాయకుడి పుట్టుక చుట్టూ ఒక రహస్యం ఉంది. ఈసారి రెండో సీజన్‌లోనే దాన్ని విప్పేశారు. ఆ రెండు సీజన్లతోనే 2015లో సిరీస్ రద్దయింది, కథ మధ్యలో నిలిచిపోయింది. ముగింపు బాగాలేదని వాదించుకునే అవకాశం కూడా ‘అట్లాంటిస్’ ప్రేక్షకులకు మిగలలేదు.